మార్చి వచ్చేసరికి స్ట్రాబెర్రీకి ఏమవుతోంది? కేకుల ఆర్డర్లున్నాయి, తెలిసినవాళ్ళు చెప్పండి

మణికొండ_కేకులు
జనవరిలో 200 గ్రాముల డబ్బా తెస్తే కేకు మీదికి చేరేలోపు సగం మా ఇంట్లోనే ఖర్చయ్యేది, అంత బాగుండేవి. ఇప్పుడు మార్చి రెండో వారం. నిన్న ఒక యాప్‌లో ఆరు డబ్బాలు తెప్పించాను. పైవరస ఎర్రగా మెరుస్తోంది, కింద వరస బూజు. బాగున్నవి ఏరి, కోసి క్రీము మీద పెడితే అరగంటలో నీళ్ళు వదిలి కేకంతా గులాబీ రంగు మడుగు. రుచి చూస్తే పులుపూ లేదు, తీపీ లేదు, తడి దూది నమిలినట్టుంది. ఫోటోలు పంపితే ఒక్క డబ్బా డబ్బులు వెనక్కిచ్చి చేతులు దులుపుకున్నారు. ధర మాత్రం జనవరి కంటే ఎక్కువ.
ఇది వాతావరణమా, మోసమా? ఏప్రిల్ మొదటి వారంలో ఒక పుట్టినరోజుకి 3 కిలోల స్ట్రాబెర్రీ కేకు ఒప్పుకున్నాను. అప్పటికి మళ్ళీ మంచి పండు వస్తుందా, లేక ఆ పాప వాళ్ళమ్మతో ఇప్పుడే మాట్లాడుకోనా?

కాటా_పక్క_కుర్చీ
ఇప్పుడే మాట్లాడుకోండి మేడమ్.

పులుపు_పిచ్చి
"తడి దూది" అన్నారు చూడండి, పోయిన ఆదివారం నేను తిన్నదానికి ఇప్పటికి పేరు దొరికింది.

మెహదీపట్నం_జ్యూస్
మోసం కాదక్కా, ఎండ. డిసెంబరులో నా బండి మీద పెట్టిన స్ట్రాబెర్రీ రాత్రి పదింటిదాకా నిలబడేది. ఇప్పుడు పొద్దున పదకొండుకి పెడితే మూడింటికల్లా ముఖం వేలాడేస్తుంది. అందుకే ఈ నెల ఒకటో తారీకునే స్ట్రాబెర్రీ షేక్ బోర్డు దించేసి పుచ్చకాయ బోర్డు ఎక్కించా. ఈ వారమంతా ఎండలే అంటున్నారు. ఇవాళ పొద్దున 40 కాయలు దింపా. చూస్కో మరి.

నిజాంపేట్_నిజం
ఎండ మెహదీపట్నంలో ఉంటే పండుకేం సంబంధం? ఇక్కడికి వచ్చేది మహాబలేశ్వరం పండు. మేము ఓసారి మార్చిలో వెళ్ళి అక్కడ స్వెటర్లు కొనుక్కున్నాం. పాత సరుకు కింద పెట్టి కొత్తది పైన పరిచారు, అంతే. ప్రతిదానికీ వాతావరణం మీద తోసేయడం వ్యాపారులకి అలవాటు.

కాటా_పక్క_కుర్చీ
@నిజాంపేట్_నిజం మీరు స్వెటర్ వేసుకున్నది రాత్రి కదా సార్. పండు మధ్యాహ్నం కూడా చేలోనే ఉంటుంది.

మొక్కల_మాస్టారు
రిటైరయ్యాక ఇలాంటి ప్రశ్నల కోసమే ఇక్కడ కూర్చుంటున్నాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.
మనకొచ్చే స్ట్రాబెర్రీలో ఎక్కువ భాగం సతారా జిల్లా మహాబలేశ్వరం, పాంచ్‌గని కొండల మీదిదే. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో మొక్క పెడతారు, నవంబరు చివరినుంచి కోతలు. ఈ మొక్కకు కావలసింది పొట్టి పగళ్ళు, చల్లని రాత్రులు. పగళ్ళు పొడుగై వేడి పెరిగిందంటే పువ్వు తియ్యడం తగ్గించి తీగలు పారించడం మొదలుపెడుతుంది. అంటే పిల్లల్ని కనడం మానేసి ఇల్లు విస్తరించుకుంటుందన్నమాట.
ఇక రుచి. చలిలో పువ్వు నుంచి పండు కావడానికి నెల పైన పడుతుంది, ఆ నెలంతా ఆకులు చక్కెర పోస్తూనే ఉంటాయి. వేడిలో మూడు వారాలకే ఎర్రబడిపోతుంది. రంగు వచ్చేసింది, చక్కెర ఇంకా రాలేదు. రాత్రి కూడా వేడిగా ఉంటే పగలు దాచుకున్న చక్కెరలో కొంత మొక్క తన ఊపిరికే ఖర్చుపెట్టుకుంటుంది. పైగా స్ట్రాబెర్రీ కోశాక మాగదు. మామిడిని గడ్డిలో పెట్టినట్టు దీన్ని ఎక్కడ పెట్టినా కుళ్ళడమే తప్ప తియ్యబడదు.
బూజు సంగతి ఇంకా తమాషా. ఆ బూడిదరంగు బూజు చాలాసార్లు పువ్వు మీదున్నప్పుడే, తేమ చూసుకుని లోపలికి దూరుతుంది. దూరి ఊరుకుంటుంది. పండు మెత్తబడి, మీ డబ్బాలో ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నప్పుడు లేస్తుంది. కాబట్టి నిన్న మీరు చూసిన బూజుకి కారణం నిన్నటి ఎండే కానక్కరలేదు, పువ్వుల రోజుల్లో అక్కడ పడిన జల్లు కూడా కావచ్చు. కోసే మనిషికీ కనపడదు, అమ్మే మనిషికీ కనపడదు.

మణికొండ_కేకులు
మాస్టారూ, అయితే నేను యాప్‌వాణ్ణి తిట్టింది దండగేనా?

మొక్కల_మాస్టారు
పూర్తిగా కాదమ్మా. కోసిన గంటలో చల్లబెడితే బూజు లేవడం చాలా ఆలస్యమవుతుంది. దారిలో ఎవరో చల్లబెట్టలేదు. ఆ తిట్టు ఎవరికి చెందాలో మాత్రం నేను చెప్పలేను.

కాటా_పక్క_కుర్చీ
దారి సంగతి నేను చెప్తా. బండి షోలాపూర్ రోడ్డున వచ్చి పటాన్‌చెరు దగ్గర సిటీలోకి దిగుతుంది. గడ్డిఅన్నారంలో ఉన్నప్పుడు మా పండ్ల మార్కెట్టు ఊళ్ళోనే ఉండేది. 2021లో బాటసింగారానికి మార్చాక మేమున్నది విజయవాడ రోడ్డు మీద, ఊరికి ఆ చివర. పడమర నుంచి వచ్చిన పండు తూర్పుదాకా చుట్టు తిరిగొచ్చి, దిగి, మళ్ళీ మణికొండ వైపు వెనక్కి పోవాలి. అందుకే స్ట్రాబెర్రీలో చాలా భాగం మా కాటా ఎక్కకుండా నేరుగా షాపులకే పోతోంది. చలికాలంలో మామూలు బండి రాత్రి బయలుదేరితే చాలు. మార్చిలో బండి తెల్లారేలోపు చేరకపోతే కిందిపెట్టెలు ఉడికిపోతాయి. ఏసీ బండి పెడితే కిరాయి పండు మీద పడుతుంది. 10 పెట్టెల్లో 3 తీసి అవతల పారేస్తే, ఆ మూడింటి ఖర్చు కూడా మిగతా ఏడే మొయ్యాలి. మీరడిగిన ధర అదే మేడమ్.

నిజాంపేట్_నిజం
సరే, పండు పాడవుతుంది, ఒప్పుకున్నా. కానీ ధర ఎప్పుడూ సరుకు వల్లే పెరగదు. ఫిబ్రవరి 14కి గులాబీలతో పాటు స్ట్రాబెర్రీ కూడా పెరిగింది, అది ఏ ఎండ వల్ల?

కాటా_పక్క_కుర్చీ
అది ప్రేమ వల్ల సార్. దానికి మా దగ్గర తరుగు తియ్యం.

పులుపు_పిచ్చి
😂😂

చేవెళ్ళ_అరెకరం
నేను వేసి చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. మూడేళ్ళ కింద అరెకరంలో స్ట్రాబెర్రీ పెట్టా. అక్టోబరులో మొక్క, డ్రిప్పు, మట్టి మీద కప్పే నల్ల మల్చింగ్ షీటు, ఖర్చు మస్తు. డిసెంబరు చివర్లో మొదటి కోత. సంక్రాంతికి కాయ నా బొటనవేలికి రెండింతలు. రోడ్డు మీద బల్లేసి కూర్చుంటే వికారాబాద్ పోయే కార్లు వాటంతటవే ఆగేవి. పిల్లలు చేలోకి దిగి తెంపుకుంటామంటే దానికీ డబ్బులిచ్చారు.
ఫిబ్రవరి 20 దాటాక కథ మారింది. మాస్టారు చెప్పినట్టే పువ్వు తగ్గింది, తీగలు పారాయి. కాయ రేగుపండంతయింది. నల్ల షీటు ఎండకు కాలి, దానికి ఆనిన పక్క కాయ ఉడికినట్టయ్యేది.
అసలు దెబ్బ మార్చిలో. రెండు రోజుల్లో వాన అని ఫోనులో చూసి, ఇంటిల్లిపాదీ తెల్లారి నాలుగింటి నుంచి చేతికి అందిందల్లా కోశాం. 60 డబ్బాలు నింపుకుని సిటీకొచ్చా. వాన నాకంటే ముందే సిటీకొచ్చింది. సాయంత్రందాకా ముసురు. స్ట్రాబెర్రీ కోసం ఎవరు బండి ఆపుతారు? నా పక్కన మిర్చి బజ్జీల దగ్గర మాత్రం లైను. 60లో 11 అమ్మా, మిగిలినవి చుట్టాలకు పంచా. ఇంటికి పోయేసరికి చేలో మోకాలి దాకా కాకపోయినా పాదం మునిగేంత నీళ్ళు. ఒక్క వానకే అక్కడ పంటా పోయింది, ఇక్కడ గిరాకీ పోయింది. మరుసటేడు టమాటాకి మారిపోయా.

మెహదీపట్నం_జ్యూస్
అన్నా, గిరాకీ సంగతి నన్నడుగు. 38 డిగ్రీలుంటే నా బండి దగ్గర నిలబడే చోటుండదు. అదే మబ్బు పట్టిందా, జనమంతా ఎదురుగా ఇరానీ చాయ్ హోటల్లోకి పోతారు. మబ్బు పడితే వాడికి పండగ, నాకు ఏకాదశి.

వాన_లెక్కలు
చేవెళ్ళ అన్న అదృష్టవంతుడే, నీళ్ళే పడ్డాయి. 2023 మార్చి మధ్యలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు రాళ్ళవాన గుర్తుందా? రోడ్డూ చేలూ తెల్లగా కప్పుకుపోయి, ఫోటోలు చూసి జనం కశ్మీరం అనుకున్నారు. మా అత్తగారి ఊరు ఆ పక్కనే. మామిడి పిందె, ఉల్లి, కూరగాయలు అన్నీ అరగంటలో. ఇక్కడ సిటీలో అదే రోజు అందరూ "అబ్బ, ఎంత చల్లగా ఉందో" అని స్టేటస్ పెట్టుకున్నారు. నేనూ పెట్టా. తరువాత మా మామగారి ఫోను వచ్చింది, తీసేశా.

కూకట్‌పల్లి_సంచి
రైతుబజారుకి రోజూ పోయేదాన్నిగా చెప్తున్నా, వాన పడ్డ రెండోనాడు ఆకుకూర ధర చూడండి. తోటకూర, కొత్తిమీర మట్టితో నానిపోయి వస్తాయి, అయినా రేటు ఎక్కువ. పుచ్చకాయ మాత్రం బతిమాలి అమ్ముతారు. వాన పడ్డ మర్నాడు పుచ్చకాయ కొనడం నా పాలసీ.

మెహదీపట్నం_జ్యూస్
ఇట్లాంటోళ్ళ వల్లే మేము మునిగేది 🙏

వాట్సన్‌విల్_బాబాయ్
దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టి, గడ్డిఅన్నారం మార్కెట్టు వాసన పీల్చి పెరిగినవాణ్ణి. ఇప్పుడు కాలిఫోర్నియాలో స్ట్రాబెర్రీ చేల మధ్యలో ఉంటున్నా, పండ్లు చల్లబెట్టే ఒక గోదాములో లెక్కలు చూస్తా. అమెరికా స్ట్రాబెర్రీలో దాదాపు 90 శాతం ఈ రాష్ట్రానిదే. మీకు మార్చిలో సీజను ముగుస్తుంటే మాకు వాట్సన్‌విల్ వైపు అప్పుడే మొదలవుతుంది. సముద్రం గాలి వల్ల ఇక్కడ వేసవి కూడా చల్లగానే ఉంటుంది.
చేవెళ్ళ తమ్ముడి కథే ఇక్కడ పెద్ద సైజులో జరుగుతుంది. కోతల వేళ వాన పడితే నీళ్ళు తాగిన పండు మెత్తబడి పగులుతుంది. అప్పుడు కూలీలు చేసే మొదటి పని పండు కోసి కిందపడెయ్యడం, బూజు పక్క పండుకి పాకకుండా. అమ్మే కోత మళ్ళీ మొదలవడానికి వారమో పది రోజులో. ఇక్కడ పండు కడగరు, చేలోనే డబ్బాలోకి కోసి నేరుగా గోదాముకి పంపుతారు. కాబట్టి తడి చేలో పని చెయ్యడానికే లేదు.
2023 మార్చిలో మా పక్కనే పహారో నది కట్ట తెగి ఊరూ చేలూ మునిగాయి. అంతకుముందు శరదృతువులో నాటిన మొక్క, సరిగ్గా కోతకొచ్చే ముందు. ఆ వసంతం మా గోదాములో చప్పుడే లేదు.
గిరాకీ మాట: ఇక్కడ ఈస్టర్‌కీ, మే రెండో ఆదివారం అమ్మల రోజుకీ బెర్రీలకి ఎగబడతారు. ఆ ముందు వారం వాన పడితే పండు లేక ధర ఆకాశంలో. తరువాతి వారం ఎండ కాస్తే పండంతా ఒకేసారి పండి, పండగ అయిపోయి, కొనేవాడుండడు. అప్పుడది గడ్డకట్టించే ఫ్యాక్టరీకీ జాముకీ పోతుంది. చెట్టుకి క్యాలెండరు తెలియదు, పండక్కి వాతావరణం తెలియదు.

నిజాంపేట్_నిజం
బాబాయ్ గారు మంచి మాట చెప్పారు. అంటే పండు ఎంత పండిందన్నది కాదు, ఏ వారం పండిందన్నది అసలు విషయం. నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే.

కాటా_పక్క_కుర్చీ
మీరు మొదట్నుంచీ చెప్తున్నది మేము మోసం చేస్తామని.

నిజాంపేట్_నిజం
అదీ చెప్పాను, కాదనను.

మణికొండ_కేకులు
బ్లూబెర్రీ పెడితే? అది విదేశాల నుంచి వస్తుంది కదా, ఈ ఎండ గొడవ ఉండదు.

వాట్సన్‌విల్_బాబాయ్
అక్కడ ఎండ బదులు మంచు గొడవ అమ్మా. బ్లూబెర్రీ పొదకి చలికాలంలో ఇన్ని గంటల చలి అని లెక్క ఉంటుంది, అది నిండితేనే సరిగ్గా పూస్తుంది. చలి నిండాక ఫిబ్రవరిలో నాలుగు రోజులు వెచ్చగా ఉంటే పాపం వసంతమనుకుని పూసేస్తుంది. తరువాత మార్చిలో ఒక్క రాత్రి గడ్డకట్టే చలి దిగితే పూతంతా మాడుతుంది. 2017 మార్చిలో జార్జియా రాష్ట్రంలో అదే జరిగి బ్లూబెర్రీ రైతులు బాగా నష్టపోయారు. ఆ రాత్రుల్లో రైతులేం చేస్తారో తెలుసా? పువ్వుల మీద తెల్లవార్లూ నీళ్ళు చల్లుతారు.

పులుపు_పిచ్చి
చలికి వణికేవాడి మీద నీళ్ళు పోస్తారా?

మొక్కల_మాస్టారు
అదే అందం. నీరు గడ్డకట్టేటప్పుడు వేడి విడిచిపెడుతుంది. చల్లుతూనే ఉంటే గడ్డకడుతూనే ఉంటుంది, వేడి వస్తూనే ఉంటుంది, లోపలి పువ్వు సున్నా డిగ్రీల దగ్గర ఆగుతుంది. పువ్వు చావడానికి అంతకంటే దిగాలి. మధ్యలో మోటరు ఆగిందా, అసలు చల్లకపోయినదానికంటే ఎక్కువ నష్టం. కరెంటు కోతలున్న ఊళ్ళో చెయ్యాల్సిన పని కాదు.
ఇంకోటి, అడగకపోయినా చెప్తాను. శాస్త్రం లెక్కన స్ట్రాబెర్రీ అసలు బెర్రీయే కాదు. ద్రాక్ష బెర్రీ. టమాటా, మిరపకాయ, వంకాయ, అరటిపండు కూడా బెర్రీలే. పుచ్చకాయ కూడా ఆ కుటుంబంలోదే, తోలు మందం అంతే.

కూకట్‌పల్లి_సంచి
అయితే నిన్న మా ఇంట్లో గుత్తి బెర్రీ కూర.

మెహదీపట్నం_జ్యూస్
అంటే నా బండి మీద 40 బెర్రీలున్నాయి. బోర్డు మార్చి రేటు పెంచుతా.

చార్మినార్_ఫాల్సా
మీరంతా ఎండ, వాన అంటున్నారు, రంజాన్‌ని మర్చిపోయారు. ఇప్పుడు నడుస్తోంది, సాయంత్రం ఇఫ్తార్ ముందు మా వైపు పండ్ల బండ్ల దగ్గర కాలు పెట్టలేరు. పుచ్చ, కర్బూజ, బొప్పాయి, ద్రాక్ష, ఏదున్నా పోతుంది. ఆ గంటలో మబ్బున్నా ఎండున్నా గిరాకీ ఆగదు.
అసలు పాయింటు వేరే. 2023లో మొదటి రోజా (ఉపవాసం) మార్చి 24న. 2025లో మార్చి 2న. ఏటా 10, 11 రోజులు ముందుకి జరుగుతుంది. పుచ్చకాయ విత్తనం వేసిన 70 నుంచి 90 రోజులకి వస్తుంది, రైతులు పండగ చూసుకుని వెనక్కి లెక్కేసి వేస్తారు. ఇప్పటిదాకా పండగా ఎండా ఒకేసారి వచ్చాయి, వ్యాపారం బాగుంది. ఇక పండగ చలిలోకి పోతోంది. 2030లో అయితే జనవరిలో ఒక రంజాన్, డిసెంబరు చివర్లో ఇంకోటి మొదలవుతాయి. ఆ చలిలో పుచ్చకాయ పండించడం కష్టం, తినాలనీ అనిపించదు. అప్పుడు ఇఫ్తార్ పళ్ళెంలో ఏముంటుందో తెలుసా? ఈ మేడమ్ గారి స్ట్రాబెర్రీ.

కాటా_పక్క_కుర్చీ
భాయ్, ఇన్నేళ్ళుగా మార్కెట్లో ఉన్నా, ఇది నాకెవరూ చెప్పలేదు. రాసి పెట్టుకుంటున్నా.

చేవెళ్ళ_అరెకరం
నేనూ రాసి పెట్టుకున్నా. ఇంటావిడకి ఇంకా చెప్పలేదు. టమాటా దగ్గరే ఆగమంటుంది.

కీసర_పందిరి
కేకు సంగతికొస్తే, ద్రాక్ష పెట్టండి మేడమ్. ఇప్పుడే దాని కాలం, ఏప్రిల్‌దాకా ఉంటుంది. మా పెదనాన్నకి కీసర వైపు అనాబేషాహీ రకం ద్రాక్ష తోట ఉండేది. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ఆ పందిళ్ళే. లేత బంగారు రంగు, గింజ ఉండేది, పలచని తోలు. పండే రోజుల్లో ఒక్క జల్లు పడితే తోలు పగిలి గుత్తికి చీమలు పట్టేవి. పెదనాన్న ఫిబ్రవరి, మార్చిల్లో రాత్రిళ్ళు ఆకాశం చూస్తూ మంచం మీద కూర్చునేవాడు, పడుకునేవాడు కాదు. ఇప్పుడక్కడ ప్లాట్లు. రాళ్ళు పాతారు. ఆయన ఇప్పటికీ మార్చిలో మబ్బు పడితే లేచి బయటికి వస్తాడు.

పులుపు_పిచ్చి
ఈ చివరి వాక్యం చదివి జోకు వేద్దామనుకున్నది మానేశా.

మణికొండ_కేకులు
అందరికీ జవాబు ఒక్కచోటే. ఆ పాప వాళ్ళమ్మతో మాట్లాడాను. స్ట్రాబెర్రీ కావాలంటే జనవరిలో పుట్టాల్సింది అన్నాను, నవ్వింది, బతికిపోయాను. లోపల పొరకి స్ట్రాబెర్రీని ముందే చక్కెరతో ఉడికించి పెడతాను, నీళ్ళు వదిలే బెడద ఉండదు. పైన నల్ల ద్రాక్ష, పచ్చ ద్రాక్ష. ఉడికించడానికైతే రెండో రకం పండు చాలు కదా?

కాటా_పక్క_కుర్చీ
చాలు. చిన్నకాయ అడగండి, తక్కువలో వస్తుంది. పొద్దున్నే కొని అదే రోజు ఉడికించెయ్యండి, ఫ్రిజ్‌లో దాచకండి.

మొక్కల_మాస్టారు
తొడిమ తియ్యకుండా కడగండి. తొడిమ తీసి కడిగితే నీళ్ళు లోపలికి తాగుతుంది.

మెహదీపట్నం_జ్యూస్
అన్నలూ అక్కలూ, నాలుగింటి నుంచి మబ్బు. ఇప్పుడు చినుకులు. 40లో 33 ఉన్నాయి. చాయ్ హోటల్లో కుర్చీ ఖాళీ లేదు.

కూకట్‌పల్లి_సంచి
రేపు పొద్దున వస్తా. ఎంతకిస్తావ్?

మెహదీపట్నం_జ్యూస్
మీరు రాకండమ్మా.

చార్మినార్_ఫాల్సా
పదిహేను కాయలు ఇప్పుడే ఆటోలో ఇటు పంపు భాయ్, ఇఫ్తార్‌కి ఇంకా గంటుంది. నంబరు లోపల మెసేజ్ పెట్టా.